కాలువ గట్టు మీద ఒక్క యాక్సిల్ బండి

పెళ్లైనకాడినుంచి మా ఆయన క్వారీలో టిప్పర్ నడిపిండు. దాని వెనక రెండు యాక్సిళ్లకూ ఇంజన్ బలం అందేది. బురదలో ఒకదాని టైర్లు జారినా రెండోదాని టైర్లు పట్టుకునేవి. నడుం నొప్పి ఎక్కువై క్వారీ మానేసి, ఒక సేటు దగ్గర వడ్ల లారీ ఎక్కిండు. చూస్తే అదీ పది టైర్ల బండే. కానీ వెనక రెండు యాక్సిళ్లల్ల ఇంజన్ తిప్పేది ఒక్కదాన్నే. రెండోది బరువు మోస్తదంతే. బండి ఖాళీగా ఉంటే స్విచ్ నొక్కి దాన్ని పైకి లేపుకోవచ్చు, దాన్నే లిఫ్ట్ అంటరు.

"రోడ్డు మీద ఇదే నయం, డీజిల్ తక్కువ తాగుతది" అనేటోడు.

పోయిన యాసంగి కోతలప్పుడు మరిపెడ అవతల మా అక్కను చూడబోయిన. ఆయన ఆ పక్కనే వడ్లు ఎత్తుతాండని తెలిసి, వరంగల్ మట్టెవాడల ఉన్న మా ఇంటికి ఆ లారీలోనే బయల్దేరిన. బస్తాలు నింపేటప్పటికి అకాల వాన దంచికొట్టింది. కళ్లం నుంచి తారు రోడ్డు చేరాలంటే కాలువ గట్టు మీది మట్టి దారి ఎక్కాలె.

సగం ఎక్కినంక బండి ఆగింది. ఇంజన్ మొత్తుకుంటాంది, టైర్లు ఉన్నకాడనే తిరుగుతున్నయి. ఆయన బ్రేకు తొక్కిండు. అయినా బండి మెల్లగ వెనకకు జారుతాంది. నా పక్క కిటికీలోంచి చూస్తే దారి కనపడలేదు, కిందంతా ఎర్రటి కాలువ నీళ్లే.

జానెడు జారి, ఎందుకో నిలబడ్డది.

"నువ్వు ఇటు నా దిక్కు నుంచి దిగి దూరం పో" అన్నడు, తల తిప్పకుండ.

"మరి నువ్వు?"

"బ్రేకు మీద కాలు తీస్తే బండి పోతది. జల్ది దిగు."

ఆయన మీదుగ దాటి దిగిన. దూరం పోబుద్ధి కాలేదు. గట్టుకు పేర్చిన రాళ్లల్ల ఒకటి పీకి, వెనక టైరు కింద పెట్టబోయిన. రాయి పెడుతుండంగనే టైరు మళ్ల జారి దాని మీదికి వచ్చింది. వేళ్లు లాక్కునేంత టైమే దొరికింది. ఇంకో రాయి పెట్టిన. నోట్లె దువా ఆగుతలేదు.

"లిఫ్ట్ లేపుతాన," ఆయన పైనుంచి అన్నడు. "బరువంతా తిరిగే టైర్ల మీద పడితే పట్టు దొరుకుతది. కానీ లోడు మీద లేపొద్దంటరు. స్ప్రింగు ఇరిగితే బండి పల్టీ కొడతది. పక్కకు జరుగు."

ఈసారి జరిగిన. గాలి బుస్సుమన్నది, వెనక టైర్లు కొంచెం లేచినయి, బండంతా కిర్రుమన్నది. కండ్లు మూసుకున్న. తెరిచేసరికి బండి గట్టెక్కి తారు రోడ్డు మీద ఉన్నది.

నేను ఎక్కేసరికి ఆయన స్టీరింగు పట్టుకుని అట్లనే కూసున్నడు. "నీకేమన్న అయితే పిల్లలకు ఏం చెప్పేటోణ్ని?" అన్నడు.

నేల ఆరేదాకా ఆ కళ్లానికి పోనని తెల్లారి సేటుకు చెప్పిండు. సేటు గొణిగి, బస్తాలు రోడ్డు దాకా ట్రాక్టర్లల్ల తెప్పించిండు.

ఇప్పటికీ మబ్బు పట్టిందంటే ఫోన్ చేస్త. "రోడ్డు మీద ఉన్నవా, మట్టి మీదనా?" అని అడుగుత.

"రోడ్డే" అంటడు, ఎప్పుడడిగినా.