వంద మీటర్ల అవతల మా టీచరమ్మ

మా టీచరమ్మ పోయారు. మంగళవారం పొద్దున నేను ఒక పొలంలో హద్దురాయి వెతుకుతుంటే బడిలో పనిచేసే ఆయమ్మ ఫోన్ చేసింది. "టీచరమ్మ లేదు మేడం. ఆస్పత్రిలోనే పాణం పోయింది. షుగరంట," అని చెప్పి, ఏడుపు ఆపుకోలేక పెట్టేసింది. ఆ రోజు నుంచి ఎవరు కలిసినా అదే మాట. షుగరు ముదిరింది, కాలికి ఎక్కింది, వయసు కూడా అయింది కదా అంటున్నారు. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. అరవై దాటిన మనిషికి షుగరు ఉండటంలో వింతేముంది? ఆ కాలికి గాయం ఎక్కడ తగిలిందో మాత్రం ఒక్కరూ అడగరు. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో మీకు ఏడుపు కన్నా కోపం ఎక్కువగా కనిపిస్తే అది పొరపాటు కాదు, కోపంతోనే రాస్తున్నాను.

ముత్తుకూరు నుంచి పోర్టుకు పోయే రోడ్డు మీద ఉంటుంది మా ఊరు. నేను ఆ ఊరి సచివాలయంలో సర్వేయరును. మా నాయన అక్కడే టైలరు. టీచరమ్మ బడి రోడ్డు పక్కనే, రెండు గదులు, ముందు ఇసుక వాకిలి, ఒక కానుగ చెట్టు. గుర్తింపు ఉన్న బడే, కాకపోతే చిన్నది. ఐదో తరగతి దాకా ఆమె ఒక్కరే టీచరు, సాయానికి ఆయమ్మ. నేను చదువుకున్నది అక్కడే. ఆదివారం ఆమె చర్చికి పోయేవారు, శుక్రవారం మా నాయన మసీదుకు పోయేవాడు, మిగిలిన రోజులన్నీ ఇద్దరూ నా చదువు గురించి వాదించుకునేవాళ్ళు. "పిల్లకి ఎక్కాలు రాలేదు, ఇంటికాడ ఏం చేస్తా ఉండావు సాయబూ?" అని ఆమె అడిగితే, "ఎక్కాలు నేనే చెప్పుకుంటే ఇంక మీరెందుకమ్మా?" అని ఆయన. వాదన అయ్యాక ఆమె జాకెట్లు కుట్టేది మాత్రం ఆయనే.

ఆమెకు కొన్ని పట్టుదలలు ఉండేవి. బడిలోకి రబ్బరు తేకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒక అడ్డగీత కొట్టి పక్కన ఒప్పు రాయాలి. "చెరిపేస్తే నువ్వు యాడ తప్పినావో నాకెట్టా తెలస్తాది అమ్మణ్ణీ?" అనేవారు. నేను మూడో తరగతిలో దాచుకొని తెచ్చిన వాసన రబ్బరు ఒకటి ఆమె చేతికి చిక్కింది. రెండేళ్ళ తర్వాత ఐదో తరగతి ఆఖరి రోజున దాన్ని బీరువాలోంచి తీసి నా అరచేతిలో పెట్టారు. "పెద్దబళ్ళో వాడుకో. ఆడ నేనుండను గదా చూసేదానికి," అన్నారు. అప్పటికి దాని వాసన పూర్తిగా పోయింది.

నేను నాలుగో తరగతిలో ఉండగా బడి ముందు గేటు మూసేశారు. పోర్టు పని పుంజుకున్న రోజులవి. బొగ్గు లారీలు, బూడిద లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుండేవి. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలం గేటులోంచి నేరుగా రోడ్డు మీదికే పరిగెత్తేవాళ్ళం. ఒకరోజు నా పక్కన కూర్చునే పిల్ల చేతిలో కంచం జారి రోడ్డు మీదికి దొర్లింది. ఆ పిల్ల దాని వెనకే పోబోతుంటే టీచరమ్మ జడ పట్టుకొని వెనక్కి లాగారు. కంచం లారీ కింద పడి అప్పడమైంది. మర్నాడే మేస్త్రీని పిలిపించి గేటు పీకించి, అక్కడ ఇటుక గోడ కట్టించారు. వెనక సందులోకి ఒక చిన్న గేటు పెట్టించారు. రోడ్డు మీద ఇళ్ళున్న వాళ్ళు చుట్టూ తిరిగి రావాల్సి వస్తోందని గొణిగారు. "నాలుగడుగులు ఎక్కువ నడిస్తే పిలకాయల కాళ్ళేం అరిగిపోవులే," అని వాళ్ళ నోరు మూయించారు. ఆ నాలుగడుగులే ఇన్నేళ్ళ తర్వాత ఆమె మెడకు చుట్టుకుంటాయని అప్పుడు ఎవరికి తెలుసు.

బడికి ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్క ఒక లాడ్జి ఉంది. దాని ఓనరు బారు పర్మిషన్‌కు దరఖాస్తు పెట్టాడు. బడికి వంద మీటర్ల లోపల బారు పెట్టకూడదని రూలు. వినడానికి బాగానే ఉంటుంది. కొలిచే పద్ధతి దగ్గరికి వచ్చేసరికి ఆ రూలుకు కాళ్ళొస్తాయి. మనిషి మామూలుగా నడిచే దారి వెంట, బడి గేటు మధ్య నుంచి బారు గుమ్మం మధ్యకు కొలవాలి. గోడ నుంచి గోడకు కొలవకూడదు. బారు మెట్ల మీద నిలబడి ఎవడైనా బూతు మాట అంటే అది రెండో తరగతి పిల్లలకు వినిపిస్తుంది. కానీ బూతు మాట సందు చుట్టి రాదు కాబట్టి రూలులో దానికి చోటు లేదు. ఆ దూరం కొలిచి స్కెచ్ ఇమ్మని కాగితం నా దగ్గరికి వచ్చింది.

ముందు రోజు సాయంత్రం ఆమె దగ్గరికి పోయాను. వరండాలో కూర్చొని నోటుబుక్కులు దిద్దుతున్నారు. వెనక గేటు నుంచి కొలిస్తే వంద దాటుతుందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. "మలుపుల దగ్గర టేపు కొంచెం అడ్డంగా లాగితే తగ్గుతాది టీచరమ్మా," అన్నాను.

ఆమె కళ్ళద్దాలు తీసి నా వంక చూశారు. "దొంగ లెక్కలు నా కాడ నేర్చినావా నువ్వు? ఉన్నది ఉన్నట్టు కొలువు. ఒక్క అంగుళం కూడా నా కోసరం తగ్గించబాక." మళ్ళీ ఒక పుస్తకం దిద్ది పక్కన పెట్టాక అన్నారు. "ఒక్క పని చెయ్యి చాలు. కొలత కింద ఒక లైను రాయి. బడి గేటు మొదట రోడ్డు మీదికే ఉన్నింది, లారీల భయానికి పిలకాయల కోసరం మూసుకున్నాం, అని. చదివేవోడు మనిషైతే ఆలోచిస్తాడు."

రాస్తానని మాటిచ్చి వచ్చాను.

మర్నాడు ఎర్రటి ఎండలో కొలిచాము. టేపు రెండో కొస పట్టుకున్నది లాడ్జి మనిషి. నూట తొమ్మిది మీటర్లు వచ్చింది. మూసిన గేటు దగ్గర నుంచి అయితే ముప్పై ఎనిమిది. అది ఎవరూ అడగలేదు, నేనే తర్వాత ఒంటరిగా వచ్చి కొలుచుకున్నాను. లాడ్జి వరండాలో కూర్చొని స్కెచ్ గీసి, కింద ఆమె చెప్పిన లైను మొదలుపెట్టాను. పర్మిషన్ ఫైలు చూసే ఇన్‌స్పెక్టరు నా భుజం మీదుగా తొంగి చూశాడు. "ఏంది మేడం, కథ రాస్తా ఉండారు? దూరం అడిగినాం, దూరం రాయండి చాలు. రిమార్కులకు కాలమ్ యాడుంది ఇందులో?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఏమీ ఇవ్వజూపలేదు. రాసిన నాలుగు మాటల మీద వైట్‌నర్ పూసి సంతకం పెట్టాను.

అందరి మీదా కోపంగా ఉందన్నాను కదా, అందులో మొదటి వాటా నాదే. ఆ లైను రాస్తే నా ఉద్యోగం పోయేది కాదు. మహా అయితే ఇంకో కాగితం గీయమనేవారు. నాకు ఎండ తగులుతోంది, ఆకలేస్తోంది, ఇంటికి పోవాలనుంది. అంతకు మించి కారణం లేదు. ఇంటికొచ్చి చెబితే మా నాయన కుట్టుమిషను ఆపేశాడు. "సారాయి పర్మిషన్ మీద మనింటి సంతకమా?" అన్నాడు.

స్కెచ్ నకలు టీచరమ్మకు అందిందని తెలిసి పోయాను. ఆమె ఆ కాగితంలో కొలత కింద చూశారు, వెనక్కి తిప్పి చూశారు, మడిచి నాకే ఇచ్చేశారు. "కొలత సరిగ్గానే ఉండాది," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

అభ్యంతరాలుంటే చెప్పమని ఊళ్ళో నోటీసు అంటించారు. రాసిచ్చింది ఆమె ఒక్కరే. చర్చి పెద్దలు, మసీదు పెద్దలు, గుడి కమిటీ, అందరి గడపా తొక్కారు. అందరూ కుర్చీ వేసి, టీ ఇచ్చి, "మనకెందుకులే టీచరమ్మా" అని పంపారు. ఆ పెద్దల్లో కొందరు ఇప్పుడు అదే బారు ఏసీ గదిలోకి పక్క తలుపు నుంచి పోతారు. ఏ మతం వాళ్ళని అడగకండి. ఈ ఒక్క విషయంలో మా ఊళ్ళో అందరూ కలిసిమెలిసే ఉన్నారు.

బారు తెరిచిన వారానికి ఆమె ఒక పిచ్చి పని చేశారు. ఇటుక గోడ పగలగొట్టించి ముందు గేటు మళ్ళీ తెరిపించారు. ఇప్పుడు దూరం ముప్పై ఎనిమిదే కదా, ఇక పర్మిషన్ రద్దు చేయాల్సిందేనని ఆమె లెక్క. పిల్లలకు నేర్పిన లెక్కల్లో అడుగు మారితే జవాబు మారుతుంది మరి. ఆఫీసు నుంచి వచ్చిన జవాబు వేరు. పర్మిషన్ ఇచ్చిన తర్వాత తెరిచిన గేటు లెక్కలోకి రాదట. గేటు తెరిచి ఉన్న రెండు రోజులూ బడి వదిలే వేళకు ఆమె గేటుకు అడ్డంగా చేతులు చాచి నిలబడి, లారీలు ఆగినప్పుడల్లా ఇద్దరిద్దరినీ రోడ్డు దాటించారు. మూడో రోజు మేస్త్రీని పిలిపించి మళ్ళీ గోడ కట్టించారు. "దూరం తగ్గించేదానికి పిలకాయల్ని లారీల కిందకి తోసేదా?" అని నన్నే అడిగారు.

తర్వాత సీసాలు మొదలయ్యాయి. రాత్రి తాగినవాళ్ళు విసిరిన సీసాలు గోడ దాటి బడి వాకిట్లో పడి పగిలేవి. ఫిర్యాదు చేస్తే, బారు లోపల ఏం జరిగినా మా బాధ్యత, రోడ్డు మీద జరిగేది మాకు సంబంధం లేదన్నాడు ఓనరు. దాంతో టీచరమ్మ ఇల్లు కట్టేవాళ్ళ దగ్గర ఇసుక జల్లెడ ఒకటి తెచ్చుకున్నారు. పొద్దున ఏడింటికే వచ్చి, ఆయమ్మ పారతో ఎత్తి పోస్తుంటే వాకిట్లో ఇసుకంతా జల్లించేవారు. గాజు పెంకులు పాత పాల డబ్బాలో పోసేవారు. ఒకరోజు నేను స్కూటరు ఆపి చూస్తే, జల్లించిన ఇసుక మీద వట్టి కాళ్ళతో అటూ ఇటూ నడుస్తున్నారు. చెప్పులు వేసుకోమన్నాను. "పిలకాయలు వట్టి కాళ్ళతో ఆడే తావ నేను చెప్పులేసుకుంటే పెంకు మిగిలినట్టు నాకెట్టా తెలస్తాది? నాకు గుచ్చుకోకుంటే వాళ్ళకి గుచ్చుకోదు," అన్నారు.

ఆమె మరిచిపోయింది ఒక్కటే. పన్నెండేళ్ళ షుగరుతో ఆమె పాదాలకు స్పర్శ ఎప్పుడో పోయింది. ఒకరోజు ఆమె వాకిలంతా నడిచి, "బాగుండాది, గంట కొట్టు," అన్నాక ఆయమ్మ కింద చూసింది. ఇసుకలో ప్రతి అడుగులోనూ నెత్తురు ఉంది. అప్పటికి కూడా ఆమెకు నొప్పి తెలియలేదు.

ముందు బొటనవేలు తీసేశారు, తర్వాత పాదం. నెల్లూరు ఆస్పత్రిలో ఆఖరిసారి చూసినప్పుడు నేను ఏడ్చాను. "ఆ లైను రాసుంటే..." అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు రాసినా వాళ్ళు ఇచ్చేవోళ్ళేలే అమ్మణ్ణీ," అన్నారు. నాకు కొంచెం ఊపిరి ఆడింది. అప్పుడు, నా చెయ్యి వదలకుండానే, "అయినా రాయాల్సింది," అన్నారు. ఆమె నాకు చెప్పిన ఆఖరి మాట అదే. అంత ప్రేమగా, అంత నిక్కచ్చిగా నన్ను దిద్దినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆమె పోయిన మర్నాడు కరెంటు స్తంభానికి ఒక ఫ్లెక్సీ కట్టారు. ఆమె ఫొటో, పక్కన దండం పెడుతూ బారు ఓనరు, కింద "మా ఊరి విద్యాజ్యోతికి అశ్రునివాళి" అని. ఆమె బతికుంటే ముందు దాన్ని పీకేయమనేవారు. నేనే ఎక్కి పీకేశాను. సర్వే టేపు తప్ప ఇంకేమీ పట్టడం చేతకాదనుకున్న మనిషి స్తంభం ఎక్కడం చూసి జనం నవ్వారు.

అందుకే ఆ లైను ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. ఆ బడికి గేటు రోడ్డు మీదికే ఉండేది. ముప్పై ఎనిమిది మీటర్లు. పిల్లలు లారీల కింద పడకూడదని టీచరమ్మ దాన్ని మూసుకున్నారు. పిల్లల్ని కాపాడినందుకే ఆ బడికి బారు నుంచి రక్షణ లేకుండా పోయింది. ఇది తెలిసి కూడా కాగితం మీద రాయనిదాన్ని నేను.

ఆమె తర్వాత ఆ బడి నడిపేవాళ్ళు దొరకలేదు. తాళం వేశారు. వచ్చే నెలలో బారు పర్మిషన్ రెన్యువల్‌కు వస్తుంది. దగ్గర్లో బడి ఉందా అన్న చోట లేదని రాస్తారు, అది అబద్ధం కూడా కాదు. నన్ను ఈసారి పిలవరు.

మొన్న పొద్దున ఆ దారిన పోతూ స్కూటరు ఆపాను. బారు ఇంకా తెరవలేదు. టీచరమ్మ బడి పిల్లలు పదకొండు మంది యూనిఫాంలు వేసుకొని బారు మెట్ల మీద వరసగా కూర్చొని ఉన్నారు. ముత్తుకూరు బడికి తీసుకుపోయే ఆటో అక్కడే ఆగుతుందట. లేపేసి అవతలికి పంపుదామని గట్టిగానే అరవబోయాను. ఆ రోడ్డు మీద పొద్దుటి పూట నీడ ఉన్నది ఆ మెట్ల మీద ఒక్కచోటే. రెండో తరగతి పిల్ల ఒకతి తన సంచీ ఒళ్ళోకి తీసుకొని పక్కకు జరిగింది.

"రా మేడం, ఈడ కూర్చో. ఈడైతే లారీలు రావు."