రెండో కుర్చీ

బట్టల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కుర్చీ అక్క అంటారు. కాలర్లు కుడుతుంది. ఎవరికి విచారణ పిలుపొచ్చినా యూనియన్ తరఫున పక్కన కూర్చునేది ఆమే. ఆఫీసరు గదిలో పిలిచినవాళ్లకు ఒకే కుర్చీ వేస్తారు. వరండాలోంచి రెండోది బరబరా ఈడ్చుకొచ్చి వేసుకున్నాకే, "ఊఁ, ఇప్పుడడగండి సార్" అంటుంది. పదకొండేళ్లుగా ఇదే తంతు.

ఈసారి నోటీసు ఆమె పేరు మీదే వచ్చింది. మొన్న పక్క మిషన్ అమ్మాయి కళ్లు తిరిగి పడిపోతే, బయటికి మోసుకెళ్లడానికి లైను ఆపింది. పావుగంట పని ఆగిందట. ఇవాళ పదకొండింటికి హాజరు కావాలి. తేడా వస్తే ఉద్యోగమే ఊడుతుంది.

పొద్దుటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. దారం రెండుసార్లు తెంపింది. ఓ కాలరు తిరగేసి కుట్టి విప్పుకుంది.

"తోడెవరక్కా?" ఇస్త్రీ బల్ల దగ్గరి బక్కాయన అడిగాడు.

"అందరికీ తోడెళ్లేదాన్ని, నాకెందుకు తోడు?"

"ఒంటరిగా వెళ్లి సంతకం పెట్టొచ్చానని పోయినేడు నన్ను నలుగురిలో కడిగేసిందెవరో!"

"నీకు నోరు లేదు. నాకుంది."

తీరా గదిలోకి వెళ్లాక ఆ నోరే పెగల్లేదు.

"మీకు తెలియని రూల్సా అమ్మా? తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు ఆఫీసరు మెత్తగా, ఓ కాగితం ముందుకు జరుపుతూ.

లైను ఆపింది నిజమే కదా. పెన్ను చేతిలోకి వచ్చేసింది. అలవాటుగా పక్కకు చూసింది. ఖాళీ. చటుక్కున లేచింది.

"నాకు తోడు కావాలి సార్."

"యూనియన్ అంటేనే మీరు కదమ్మా!"

"ఇక్కడ నేను యూనియన్ని కాదు. నోటీసు అందుకున్నదాన్ని."

వరండాలో బరబరా చప్పుడు. తలుపు బయటే కాచుకున్న బక్కాయన కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"పని వదిలేసొచ్చావా?"

"సూపర్‌వైజర్‌కి చెప్పే వచ్చా."

"నీకు మాట్లాడ్డం వచ్చా?" గొణిగింది.

"రాదు. ఆగమనడం వచ్చు. నువ్వు తిట్టి నేర్పిందేగా." ఆమె చేతిలోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. "సార్, ముందు ఆ కాగితం పైకి చదవండి."

ఆఫీసరు చదివాడు. కావాలని లైను ఆపింది, ఉత్పత్తికి నష్టం చేసింది, అంతే.

"పడిపోయిన పిల్ల ఏదండీ ఇందులో?" అన్నాడు బక్కాయన.

ఆఫీసరు కాగితం తిప్పి వెనకవైపు చూశాడు, అక్కడేదో ఉన్నట్టు. ఆమె కూర్చుంది.

"రాసుకోండి సార్," అంది. "పదీ ఇరవైకి ఆ అమ్మాయి పడిపోయింది..."