వడికిన చేయి

హన్మమ్మ చేతిలో ఉన్ని ఉంటే మాట తక్కువ. చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం యాలాల్ దగ్గరి ఆ ఊళ్లో ఎవరూ ఆమెతో వాదనకు దిగరు. మొన్నటి చలికాలం ఆమె చెయ్యి ఖాళీగానే ఉంది. కావాలనే ఖాళీ చేసుకుంది.

ఆమె పుట్టిల్లు కుల్కచర్ల వైపు. గొర్రెల వెంట నడుస్తూనే కదురు తిప్పడం తల్లి దగ్గర నేర్చుకుంది. గొంగళ్లు నేసే బిచ్చయ్యను చేసుకుని వచ్చాక కదురు పోయి రాట్నం వచ్చింది. ఉన్ని ఏకడం, దారం వడకడం, ఆ దారానికి పెట్టే గంజి కోసం చింతగింజలు ఉడికించడం, అన్నీ ఆమె పనే. గుంట మగ్గంలో కూర్చుని నేసేది బిచ్చయ్య. మిల్లు చద్దర్లు వచ్చి తాండూరు సంతలో గొంగడిని అడిగే దిక్కు లేకుండా పోయాక ఇద్దరూ కందిచేలల్లో కూలికి పోయారు. కత్తిరించిన ఉన్నిని చెలకల్లో పారబోసిన రోజులవి.

మగ్గం మళ్లీ ఆడింది జ్యోతి వల్ల. వికారాబాద్‌లో చిన్న దుకాణం నడిపే ఆమె, చేతిపనివాళ్లకు న్యాయమైన ధర ఇచ్చే విదేశీ సంస్థలకు గొంగళ్లు పంపుతుంది. బయానా ముందే ఇస్తుంది, బేరమాడి గొంతు కొయ్యదు. నేతగాళ్లంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. బిచ్చయ్య తమ్ముడు ఈశ్వర్ దానికి పెద్ద.

ఒకరోజు జ్యోతి వచ్చి మగ్గం పక్కన కూర్చుని అడిగింది.

“బిచ్చయ్యా, నేసినందుకు నీకు కూలి ముడుతున్నది. మరి దారం వడికినోళ్లకో?”

“గది మా ఇంటోళ్ల పనే కదమ్మా. ఇంటోళ్లకు కూలేంది?” అన్నాడు బిచ్చయ్య.

రాట్నం ఆగింది. “గొర్రెకు మేత ఏస్తవు, ఉన్ని ఇస్తదని. మరి నాకేం ఏస్తున్నవు?” అంది హన్మమ్మ.

“అన్నం తింటలేవా?”

“వండుతున్నదెవలు?”

జ్యోతి నవ్వు ఆపుకుంది. “కూలి ఎంతన్నది మీ సంఘమే తేల్చుకోవాలె. నాదొక్కటే మాట. వడికిన చేతికి ఏమీ ముట్టని సరుకును న్యాయమైన సరుకని చెప్పి నేను అమ్మను.”

ఆ మాటలో తప్పేముంది? న్యాయమైన వ్యాపారమని పట్నంలో సభలు పెడతాం, చప్పట్లు కొడతాం. ఎక్కడో సముద్రాల అవతల కొనేవాడు సరైన ధర ఇచ్చినా, ఆ డబ్బు ఊరిదాకా వచ్చి ఇంటి గడప దగ్గర ఆగిపోతే అది సగం న్యాయమే. ఇంకా సూటిగా చెప్పాలంటే, కొత్త బట్ట కట్టుకొచ్చిన పాత దోపిడీ.

హన్మమ్మ ఈ మాటలేవీ అనలేదు. వడికేవాళ్లను కూడా సంఘంలో చేర్చుకోవాలని, వాళ్ల కూలి వాళ్ల చేతికే ఇవ్వాలని ఈశ్వర్‌ను అడిగింది.

ఈశ్వర్ నవ్వాడు. “వదినె, గట్లయితే రేపు గొర్రె గూడ సంఘంల చేరుతనంటది.”

“చేర్చుకో. దానికి నీకన్న బుద్ధున్నది. కడుపు నింపనోనికి అది గూడ ఉన్ని ఇయ్యదు.”

ఆ రోజు నుంచి ఆమె రాట్నం ముట్టలేదు. ఆమెను చూసి ఈశ్వర్ భార్య కరుణ ఆపింది. తర్వాత వాడకట్టులో ఒక్కో రాట్నమే ఆగిపోయింది. మగ్గాలు ఖాళీ. చలి పోయేలోపు సరుకు అందకపోతే ఈ ఏటికి కొనుగోలే ఉండదు. మళ్లీ కందిచేలే దిక్కు.

ఈశ్వర్ వాకిట్లో సంఘం కూర్చుంది. గొర్రెలు కాసి గొంగళ్లు నేసే ఆ ఊరి కురుమల్లో ఒక కట్టుబాటు ఉంది. ఏది తేల్చాలన్నా గొంగడి పరిచి కూర్చుంటారు. దాని మీద కూర్చుని అన్న మాటను దిగాక కాదనడానికి లేదు. కులదైవం బీరప్ప మీద ఒట్టేసినట్టే. కూర్చునేది మగవాళ్లు. ఆడవాళ్లు గోడ పక్కన నిలబడి వింటారు.

హన్మమ్మ గోడ దగ్గర ఆగలేదు. నేరుగా వచ్చి గొంగడి మీద కూర్చుంది.

“లే వదినె. గిది మొగోళ్లు కూసునే జాగ.”

“గీ గొంగడి దారం ఎవలు వడికిండ్రు? నేను. నా దారం మీద నేను కూసున్న. నీకు పరేషానుంటే నువ్వు దిగు.”

గోడ పక్క నుంచి కిసుక్కుమన్నారు. బిచ్చయ్యకు తల తీసేసినట్టయింది. ఉక్రోషం ఆపుకోలేక పెద్దల వైపు తిరిగాడు.

“మీరే చెప్పుండ్రి! గిన్ని దినాల సంది దారం ఇస్తలేదు. దారం లేంది నేనేం నెయ్యాలె? గుంటల కూసోని గాలి నెయ్యాల్నా? గామె వడకకుంటే నా పని సున్న!”

హన్మమ్మ కూడా పెద్దల వైపే తిరిగింది.

“విన్నరా?” అంది హన్మమ్మ, గొంతు పెంచకుండా. “నేను వడకకుంటే తన పని సున్నని గొంగడి మీద కూసోని అన్నడు.”

బిచ్చయ్య నాలుక కరుచుకున్నాడు. అందరిలోకీ పెద్దవాడైన మల్లయ్య బోసినోటితో నవ్వాడు. “అన్నవుర బిచ్చయ్యా, నా చెవుల పడ్డది. ఇగ దిగి కాదంటవా?”

“ఎట్లంటనే మామా,” అని గొణిగాడు బిచ్చయ్య.

“గీ లొల్లంత ఎందుకు? మిల్లు దారం తెస్త,” అన్నాడు ఈశ్వర్.

“తే. చేతి దారమని జ్యోతికి జెప్పి మిల్లుది అంటగడ్తనని గూడ గీడ కూసోనే అను,” అన్నాడు మల్లయ్య.

ఈశ్వర్ కిందికి చూశాడు. తానూ గొంగడి మీదే ఉన్నాడు. “సరే, వడికేటోళ్లు గూడ సంఘమే. కూలి వాళ్ల చేతికే,” అన్నాడు.

హన్మమ్మ గోడ వైపు తిరిగింది. “ఇంకేం జూస్తుండ్రు? రాండ్రి.”

ముందు కరుణ వచ్చింది, మొగుడి మొహం చూడకుండా. ఆమె వెనక మిగతావాళ్లు. మగవాళ్లు మోకాళ్లు ముడుచుకున్నా జాగా చాలలేదు. లోపలి నుంచి ఇంకో గొంగడి తెచ్చి పరిచారు. కూలి ఎంతన్న బేరం అప్పుడు మొదలైంది. ఈశ్వర్ చెప్పిన మొదటి ధరకు హన్మమ్మ తల అడ్డంగా ఊపింది. రెండోదానికీ అంతే. పొద్దు గూకింది, ఇళ్లల్లో పొయ్యిలు అంటుకోలేదు. బేరం తెగేదాకా ఒక్క ఆడమనిషీ గొంగడి దిగలేదు.