గోడంత అత్తమ్మ

మా మేనత్తకు మట్టెవాడలో గాజుల దుకాణం ఉంది. నిరుటి దాకా అది సన్నటి గది. ఇద్దరు లోపల నిలబడితే మూడో మనిషి మెట్ల మీద ఆగాల్సిందే. ఆమె కొడుకు, మా బావ, అదే బజారులో కాస్త పెద్ద మడిగె అద్దెకు తీసుకున్నాడు. పాతది ఖాళీ చేసే ముందు కొన్ని ఫొటోలు తియ్యమని నన్ను పిలిచాడు. నేను బడిలో లెక్కలు చెబుతాను. కెమెరా నాకు సెలవు రోజుల సరదా.

తీసినవాటిలో ఒకటి అందరికీ నచ్చింది. అత్తమ్మ ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని, వేళ్లు దగ్గరికి నొక్కి గాజులు ఎక్కిస్తోంది. వెలుతురంతా వాకిలి నుంచే. అమ్మాయి చెయ్యి, గాజులు మెరుస్తున్నాయి. వంగి ఉన్న అత్తమ్మ ముఖం మాత్రం చీకట్లో ఉండిపోయింది.

"గిదే కావాలె. కొత్త దుకాణంల ఎనక గోడకు, గోడంత పెద్దగ పెట్టిస్త," అన్నాడు బావ.

కెమెరా నుంచి ఫోన్‌లోకి ఎక్కించుకున్న ఆ ఫొటోనే హనుమకొండలో పెద్ద ప్రింట్లు వేసే ఆయనకు చూపించాను. ఆయన దాన్ని తెరమీద సాగదీశాడు. అత్తమ్మ చెంప మీది నీడ నున్నగా లేదు, మెట్లు మెట్లుగా విరిగి ఉంది.

"గింత పెద్దగ ఏస్తే పగిలిపోతది మేడం. కెమెరాల అసలుది ఉంటే టిఫ్ చేసి తెండ్రి," అన్నాడు.

అసలుది ఉంది. నేను ఎప్పుడూ రా ఫైలుగానే తీస్తాను. అంటే కెమెరా తన కంటబడిన వెలుగునంతా ఏమీ పారెయ్యకుండా దాచిపెడుతుంది. ఫోన్లలో తిరిగే జేపెగ్ అలా కాదు. చోటు కలిసిరావడానికి మన కంటికి తెలియదనుకున్నదాన్ని తీసేస్తుంది. టిఫ్‌లోకి మారిస్తే ఉన్నదంతా ఉన్నట్టే ప్రింటు దాకా చేరుతుంది. ఇదంతా చదివి తెలుసుకున్నదే. చేసి చూడటం అదే మొదటిసారి.

ఆదివారం భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తన ఫొటో ఎట్లా వస్తుందో చూద్దామని వచ్చిన అత్తమ్మ కుర్చీ లాక్కుని పక్కన చేరింది. చీకటిని కొద్దికొద్దిగా తేలిక చేస్తూ పోయాను. మొదట వెనక అరల్లోని గాజుల దొంతరలు బయటపడ్డాయి. తర్వాత ఆమె కనుబొమలు, ముక్కుపుల్ల. ఆ తర్వాత పళ్ల మధ్య కరిచిపెట్టుకున్న నాలుక కొస.

అత్తమ్మ ముందుకు వంగింది.

"నేను గట్ల నాలిక కరుసుకుంటనా?"

"ఎప్పుడూ అంతే కదా అత్తమ్మా. నీకు తెల్వదా?"

"నాకెట్ల తెలుస్తది బిడ్డా? నేను గాజులను చూస్త గని నా మొఖం చూసుకుంటనా?" తెరమీది నాలుకను వేలితో చూపించింది. "జర తీసెయ్యరాదు. అందరు నవ్వుతరు."

బావకు ఫోన్ చేసి చెప్పాను. అవతల నవ్వు వినిపించింది.

"అది తీసేస్తే మా అమ్మ ఎట్లయితది? నేను పుట్టినకాంచి గట్లనే చూస్తాన. ఉండనియ్యి."

అత్తమ్మ ఫోన్ వైపు గుర్రుగా చూసింది కానీ మళ్లీ తీసెయ్యమనలేదు. కాసేపటికి చీర రంగు మీద పడింది. తెరమీద అది ఎర్రగా కనబడుతోందట, అసలుది వంకాయ రంగట. నాకు నమ్మకం కలగలేదు. సాయంత్రం అత్తమ్మ ఆటోలో ఇంటికెళ్లి చీర తెచ్చి, తెర పక్కన కొంగు పరిచి పట్టుకుంది. ఆమె చెయ్యి నొప్పి పుట్టే దాకా రంగు సరిచేస్తూనే ఉన్నాను.

మర్నాడు బడి అయ్యాక టిఫ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని స్కూటీ మీద హనుమకొండ వెళ్లాను. ఆయన కంప్యూటర్ దాన్ని తెరవలేదు. ఫైలు చిన్నదవుతుందని నేను కంప్రెస్ చేసే గడిలో టిక్కును అలాగే వదిలేశాను. ఆయన పాత సాఫ్ట్‌వేర్‌కు అది మింగుడుపడలేదు. ఇంటికొచ్చి ఆ టిక్కు తీసేసి మళ్లీ మార్చాను. ఈసారి ఫైలు రా కంటే ఐదారు రెట్లు పెరిగింది. కంప్యూటర్ ఆయాసపడుతుంటే నేను చాయ్ పెట్టుకుని తాగాను.

మళ్లీ తీసుకెళ్తే అది మాత్రం తెరుచుకుంది. ఆయన ఫొటోను అత్తమ్మ చెంప దగ్గరికి జరిపి, ఎంత పెద్దది చేసినా విరగని నీడను చూసి, "గిప్పుడు ఫికర్ లేదు," అన్నాడు.

ప్రింటు గోడకెక్కిన రోజు అత్తమ్మ దాని వైపు వీపు పెట్టి కూర్చుంది. సిగ్గు. వచ్చినవాళ్లు మాత్రం ఆమెనూ ఫొటోనూ మార్చి మార్చి చూసి, "నీ లెక్కనే ఉన్నది," అని పోయారు. వారం తిరిగేసరికి, అడగకపోయినా "మా మేనకోడలు తీసింది," అని చెప్పడం మొదలుపెట్టిందట.

ఒకరోజు నేను అక్కడుండగానే పరకాల నుంచి వచ్చిన ఒకామె ఫొటోలోని అరను చూపించి అడిగింది.

"అగో, ఆ పచ్చయి సూపియ్యరాదు."

"అవి పాత దుకాణంలనే అయిపోయినయ్ బిడ్డా. మల్ల తెప్పిస్త."

అన్నట్టే తెప్పించింది. సరుకు దిగిన రోజు నన్ను పిలిపించి, ఒక డజను విప్పి చేతికందించింది. ఫొటోలోవాటికంటే కాస్త లేత పచ్చగా ఉన్నాయన్నాను.

"ఉండనియ్యి. చెయ్యి ఇటు తే," అంది.