విప్పి చూడందే అమ్మని మనిషి

పోయిన నెల ఒక మంగళవారం ఉదయం, నందిగామలో మా ఇంట్లోనే, మా అత్తయ్య నిద్రలో కన్నుమూశారు. డెబ్బై ఒకటో ఏడు. చుట్టాలకు కబురు మావయ్య చెప్పారు. పాత కార్ల వాళ్ళకు చెప్పే పని నా మీద పడింది. అత్తయ్య ఫోనులో ఉన్న ఆ పేర్లలో చాలామంది ఆవిడను ఎన్నడూ కంటితో చూసినవాళ్ళు కారు. చిత్తూరు నుంచి ఒకాయన, "వైపర్ ఎప్పుడూ ఒకే పక్కకి ఎందుకు పడుకుంటుందని అడిగారమ్మా ఆవిడ. కనుక్కుని చెప్తానన్నా. ఇంకా చెప్పనేలేదు" అన్నాడు.

అత్తయ్య పుట్టిల్లు జగ్గయ్యపేట. అక్కడా ఇనుప సామాన్ల కొట్టే, ఇక్కడా అదే. మేకుల డబ్బాల మధ్య పెరిగిన మనిషి. బోల్టు చేతికిస్తే బొటనవేలి గోటితో మరలు గీరి, "ఇది అంగుళాల కాలంది" అని తేల్చేవారు. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది గానీ అడగడం ఆగలేదు. పంపు బాగుచేసేవాడు వచ్చినా, కరెంటు మీటరు చూసేవాడు వచ్చినా మంచినీళ్ళిచ్చి పక్కనే నిలబడేవారు.

నేను కాపురానికొచ్చిన రెండో ఏడు, చందర్లపాడు దగ్గర ఒక రైతు పాత పశువుల కొట్టం పడగొడుతూ, గడ్డి కింద ఉన్న హెరాల్డ్ అనే పాతకాలం కారును తుక్కు కింద మా కొట్టుకు తోలించాడు. చిన్న బండి, రెండే తలుపులు, సీట్లలో ఎలుకలు. దాన్ని ముక్కలుగా కోసే మనిషి గ్యాసు సిలిండరు దింపుతుంటే అత్తయ్య వచ్చి స్టీరింగు పట్టుకుని తిప్పారు. అంత తుప్పులోనూ ముందు చక్రం మెల్లగా పక్కకు తిరిగింది.

"ఏవండీ, ఎనిమిది రోజులు కొయ్యనియ్యకండి. ఇది ఎట్టా నడిచేదో చూసి ఇచ్చేస్తా."

"చూడు. కొట్టు డబ్బులు మాత్రం దానికి పెట్టకు" అన్నారు మావయ్య నవ్వుతూ.

ఆ ఎనిమిది రోజులూ తొమ్మిదేళ్ళయ్యాయి. కొట్టు డబ్బులు పెట్టకూడదు కాబట్టి, ఆ కారుకు కావాల్సినవి కొనడానికి వేరే కార్ల పాత సామాన్లు వెతికి అమ్మడం మొదలుపెట్టారు. మూసేసిన మెకానిక్ షెడ్లు, రైసు మిల్లుల మూలలు, పాత ఇళ్ళ అటకలు, అన్నీ వెతికేవాళ్ళం. స్కూటరు నాది, వెనక సంచితో ఆవిడ. నేను బళ్ళో టీచర్ని కదా, మొదట్లో నామోషీగా ఉండేది. టీచరమ్మ తుక్కు ఏరుతోందని ఎవరైనా అంటారేమోనని హెల్మెట్ తీసేదాన్ని కాదు.

చెవిటికల్లులో ఒక ఇంట్లో మజ్జిగ కుండ మీద మెరుస్తున్న మూత చూసి అత్తయ్య ఆగిపోయారు. అది అంబాసిడర్ చక్రం మీది బిళ్ళ. ఆ ఇల్లాలు ఊరికే తీసుకుపొమ్మంది. "ఊరికే వద్దమ్మా. దీన్ని వెతుక్కుంటున్నవాళ్ళు ఎక్కడో ఉన్నారు. ఎంతొస్తే అందులో సగం నీది" అని, మర్నాడు కుండకు సరిపోయే కొత్త మూత కూడా ఇచ్చి వచ్చారు. ఆ దారిలోనే నేను హెల్మెట్ తీసేశాను.

ఫొటోలు తీసి పాత కార్ల గ్రూపులో పెట్టడం నా పని. అందరూ ఆవిడను 'సార్' అని రాసేవారు. అత్తయ్య మాటలు రికార్డు చేసి పంపాక 'అమ్మ' అయ్యారు.

ఒకసారి జగ్గయ్యపేటలో మూతపడిన దుకాణంలో నాలుగు హెరాల్డ్ బ్రేకు సిలిండర్లు దొరికాయి. మైనం కాగితం కూడా విప్పలేదు. రెండు ఉంచుకుని, రెండు ఖమ్మంలో ఒక రిటైరైన లెక్చరరుగారికి 'సరికొత్తవి' అని చెప్పి అమ్మారు. మూడు వారాల తర్వాత, ఒక శనివారం సాయంత్రం మా కారు పని చేస్తున్న మెకానిక్ మిగిలిన రెండూ విప్పాడు. బ్రేకు ఆయిలు కారకుండా ఆపే లోపలి రబ్బరు ఎండిపోయి, గోటితో నొక్కితే పొడిపొడిగా రాలింది.

అత్తయ్య వెంటనే గ్రూపు తెరిచి చూడమన్నారు. ఆ లెక్చరరుగారు ఆదివారం కూతుర్నీ మనవరాల్నీ ఎక్కించుకుని భద్రాచలం వెళ్తున్నానని గ్రూపులో రాశారు. ఫోను చేస్తే స్విచాఫ్. మెసేజీ చేరలేదు. మర్నాడు మొదటి బస్సుకే ఇద్దరం ఖమ్మం బయల్దేరాం. దారంతా ఆవిడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అలా ఆవిడను నేనెప్పుడూ చూడలేదు.

మేం వెళ్ళేసరికి కారు గేటు బయట ఉంది. డిక్కీలో సామాన్లు, వెనక సీట్లో పాప.

"బ్రేకు మంచిగనే పడుతుందమ్మా. నిన్న బజారంతా తిరిగొచ్చిన" అన్నాడాయన.

"పడుద్దండీ. ఎందాకా పడుద్దో తెలీకే వచ్చా. ఒక్క చక్రం విప్పించండి. ఏం లేకపోతే నాది చాదస్తమనుకుని టీ ఇచ్చి పంపించండి."

ఆయన విసుక్కుంటూనే జాకీ పెట్టాడు. డ్రమ్ము ఊడదీస్తే లోపల అంతా తడి. బ్రేకు ఆయిలు సన్నగా కారుతోంది. కూతురు వెళ్ళి పాపను కిందకు దించింది.

అత్తయ్య డబ్బు తీసి ఆయన చేతిలో పెట్టారు. "మీరు తెలిసి చేసింది కాదు కదమ్మా" అన్నాడాయన.

"చూడకుండా కొత్తదని చెప్పానండీ. చూడకుండా చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. నిజం మాత్రం కాదు."

ఆ తర్వాత విప్పి చూడడానికి వీలులేనిది ఏదీ అమ్మలేదు. దాంతో రాబడి సగమైంది, మా కారు పని రెండేళ్ళు వెనకబడింది. అమ్మే ప్రతి పొట్లంలో చేత్తో రాసిన చీటీ పెట్టేవారు. 'బోల్టు బిగించే ఎడమ చెవి విరిగితే అతుకు పెట్టించా. అతుకు మీద నాకు నమ్మకం సగమే.' ఆ చీటీలు చూసే కొనేవాళ్ళు పెరిగారు. మా కారుకు ఎక్కడా దొరకని ముందు అద్దాన్ని వెతికి, పరుపులో చుట్టి తెచ్చింది ఆ ఖమ్మం లెక్చరరుగారే.

రెండేళ్ళ కిందట కారు నడిచింది. మా ఆయన స్టీరింగు పట్టుకున్నారు, అత్తయ్య పక్కన, మావయ్యా నేనూ వెనక. విజయవాడ దాకా వెళ్దామని బయల్దేరితే పరిటాలలో, ఆంజనేయస్వామి విగ్రహం కనబడే చోట, ఇంజను వేడెక్కి ఆగిపోయింది. మావయ్య నీరుగారిపోయారు. నేను ఆటో కోసం చూస్తున్నాను.

అత్తయ్య మాత్రం దిగి ముందువైపుకు వెళ్ళారు. మడ్‌గార్డులతో సహా కారు మూతి మొత్తం ఎత్తి ముందుకు వాల్చారు. అది చూసి లారీలు ఆపుకుని టీ తాగుతున్న డ్రైవర్లు గ్లాసులతోనే వచ్చి మూగారు. "ఇదేం బండమ్మా?" అని ఒకడు, "నీళ్ళు ఇప్పుడే పొయ్యమాకండి" అని ఇంకొకడు.

"ఎందుకు పొయ్యకూడదు? పోస్తే ఏమవుద్ది?" అని అత్తయ్య వాణ్ణి అడుగుతున్నారు. రేడియేటరు ఆవిరికి కళ్ళద్దాలు మసకబారాయి. పైటచెంగుతో తుడుచుకుని పెట్టుకుని, వాడు వేలితో చూపిస్తున్న చోటుకు వంగారు.