తాలు కాయల ఫోటో

మా నాన్న పరుపులు కుట్టేవాడు. అమ్మకి ఎప్పుడూ ఒంట్లో బాగుండేది కాదు, ఇంటి పనికి నేను కావాలి, అందుకని బడికి పోలేదు. నాన్న దూది ఏకుతూ తెలుగు నేర్పాడు. అమ్మ మంచం మీద పడుకునే ఖురాను చదివించింది. ఇంగ్లీషు పాత పుస్తకాల్లోంచి కూడబలుక్కున్నాను. దానికి నేనెన్నడూ బాధపడలేదు, నేర్పిన ఇద్దరికీ అల్లా మేలు చేయాలి. ఒక్కటే వెలితి. నేనేం చేసినా బాగుందనేది ఇంట్లోవాళ్ళే. నన్నెరగని మనిషి ఒక్కరైనా నా పని చూసి, బాగుందనో బాలేదనో చెబితే వినాలని ఉండేది.

సత్తెనపల్లిలో ఎవరో ఫోటో స్టూడియో మూసేస్తుంటే మా ఆయన ఒక పాత కెమెరా, దాంతోపాటే వాళ్ళ కంప్యూటరూ తెచ్చిపెట్టాడు. ఫోటోలకి కూడా లైబ్రరీలుంటాయని, ప్రకటనలకీ పుస్తకాలకీ బొమ్మలు కావాల్సినవాళ్ళు అక్కడ కొనుక్కుంటారని ఫోన్లో ఒక వీడియో చూసి తెలుసుకున్నాను. మనం పంపింది అక్కడివాళ్ళు పరీక్షగా చూస్తారు. నచ్చితే ఉంచుకుంటారు, లేదంటే కారణం ఒక్క ముక్కలో రాసి తిప్పి పంపుతారు. వాళ్ళకి నేనెవరో తెలియదు. నాకు కావాల్సిందీ అదే.

మాది కౌలుకి వేసిన మిరప. కల్లంలో కాయ ఎండుతుంటే ఇంతకన్నా మంచి బొమ్మ ఏముంటుందనుకున్నాను. మొదటిది పొద్దుగూకే వేళ, పని తెమిలాక తీశాను. గరుకుగా ఉందని తిప్పి పంపారు. ఫోన్లో చూస్తే నున్నగానే ఉంది. కంప్యూటర్లో పెద్దది చేసి చూద్దును కదా, బొమ్మంతా ఇసుక చల్లినట్టుంది! వెలుతురు చాలకపోతే కెమెరా చేసే పని అదట. రెండోదాంట్లో ఎరువుల బస్తా మీద కంపెనీ పేరు కనపడిందన్నారు. అదీ నిజమే.

మూడోది తిరిగొచ్చినప్పుడు మాత్రం ప్రాణం ఉసూరుమంది. ఎందుకంటే దాని కోసం నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. మా వైపు మిరపకాయంటే ముందు రంగు. కొనేవాడు గుప్పెడు తీసి రంగే చూస్తాడు. అందుకని పొద్దుటి నుంచీ కూర్చుని, రంగు తేలిపోయిన తాలు కాయ ఒక్కటి లేకుండా ఏరేశాను. నూనె గుడ్డతో కాయల్ని తుడిచాను, నిగనిగలాడాలని. చాలక కంప్యూటర్లో ఎరుపు ఇంకాస్త పెంచాను. మా అత్తయ్య చూసి, "పెళ్ళికూతుర్ని చేసినట్టున్నావే కల్లాన్ని" అని మెచ్చుకుంది కూడా. వాళ్ళు రాసింది ఒక్కటే: ఎరుపులో వివరం లేదు.

కొత్తగా చేరేవాళ్ళు మొదట పంపిన నాలుగింటిలో ఒక్కటైనా నిలబడకపోతే, మళ్ళీ చాన్నాళ్ళ దాకా పంపనివ్వరు. నాకింక ఒక్కటే మిగిలింది. పైగా ఇంకో రెండ్రోజుల్లో లారీ వస్తుంది. కాయ కోల్డ్ స్టోరేజీకి వెళ్ళిపోతే మళ్ళీ ఏడాది దాకా కల్లంలో ఎరుపు కనపడదు.

మర్నాడు తెల్లవారుజామున నమాజు చేసుకుని, దువాలో ఫోటో సంగతి అడగాలంటే సిగ్గేసింది. ఇంత చిన్నదానికి అల్లాని విసిగించడమేంటి అనిపించింది. అందరి క్షేమం అడగడం అయ్యాక, లేవబోతూ గబగబా అదీ అడిగేశాను.

కల్లంలోకి వెళ్ళేసరికి ఆకాశం తెల్లబడింది గానీ ఎండ రాలేదు. ఎర్ర రాశి పక్కన, ఆడకూలీలు ఏరి పోసిన తాలు కుప్ప ఉంది. దాని అంచు జారి ఎర్రకాయల్లో కలిసింది. నా చూపు అక్కడే ఆగింది. పాలిపోయిన కాయల పక్కన ప్రతి ఎర్రకాయా విడిగా తెలుస్తోంది: దాని ముడత, దాని వంపు, తొడిమ దగ్గర సన్నని నీడ. నేను పంపిన ఫోటోలో ఏ కాయ ఎక్కడ మొదలైందో తెలియదు, అంతా ఒకటే ఎర్ర ముద్ద. వాళ్ళన్న వివరం ఏమిటో అప్పుడు అర్థమైంది. ఇంకో రెండు దోసిళ్ళ తాలు తీసి ఎర్రకాయల మీద చల్లాను.

"ఏం చేస్తున్నావే పొద్దున్నే?" అంటూ వచ్చింది అత్తయ్య.

"తాలు కలుపుతున్నా అత్తా."

"ఏంటీ! ఏరించిందాన్ని మళ్ళీ కలుపుతావా? నీకేమన్నా పట్టిందా?"

"ఫోటో తీసి నేనే ఏరేస్తాలే."

"ఫోటోనా? ఊరూరా తిప్పుతావా మన తాలుని? పరువు తీయడానికి ఇంకేం దొరకలేదా నీకు?"

కల్లం కాపలాకి మంచం వేసుకుని పడుకున్న మా ఆయన దుప్పట్లోంచే అన్నాడు: "పోన్లేమ్మా. ఒంగోలు దాకా నవ్వుతారు, అంతేగా."

"నువ్వు నోర్మూసుకోరా! కెమెరా తెచ్చింది నువ్వే కదా కొంపకి."

నవ్వొచ్చి చేతులు కదిలిపోతుంటే, కెమెరాని బోర్లించిన తట్ట మీద పెట్టి, ఊపిరి బిగబట్టి తీశాను. ఈసారి నూనె పూయలేదు, రంగు పెంచలేదు. కొంచెం ఒరిగి ఉంటే సరిచేసి, పెద్దది చేసి మూలమూలా చూసుకుని పంపాను. తర్వాత తాలు ఏరడానికి కూర్చుంటే, సణుగుతూనే అత్తయ్య కూడా వచ్చి పక్కన కూర్చుంది. ఆమె సణుగుడులోనూ చల్లదనం ఉంటుంది, నా అదృష్టం.

మర్నాడు కాయ తొక్కిన గోనె బస్తాలు, మా టిక్కీలు, లారీకెక్కుతున్నాయి. కూలీలకి మంచినీళ్ళు ఇస్తుంటే ఫోన్ మోగింది. లైబ్రరీవాళ్ళ మెసేజు. తీసుకున్నాం, అని ఉంది. తప్పు చదివానేమోనని మళ్ళీ చదివాను. చెంబు కింద పెట్టి, ఉన్నచోటే దేవుడికి శుక్రియా చెప్పుకుని, అత్తయ్య దగ్గరికి పరుగెత్తాను.

"అత్తా, తాలు ఫోటో తీసుకున్నారు! బాగుందంట!"

"ఎవరు వాళ్ళు?"

"ఏమో, నాకు తెలీదు."

"వాళ్ళకి నువ్వు తెలుసా?"

"తెలీదు అత్తా."

"మన కాయేమన్నా కొంటారా?"

"కొనరు."

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంది.

"మొహమాటం లేనివాళ్ళన్నమాట," అంది. "అయితే బాగుండే ఉంటుంది. ఏదీ, ఇటు చూపించు."