నేను చెల్లవన్న పది రూపాయల బిళ్లలు

పది రూపాయల బిళ్ల చెల్లదన్న పుకారు మొదట ఎవరి ఫోనులోకి వచ్చిందని నాందేడ్‌లోని మా గల్లీలో మొన్నటిదాకా వాదించుకునేవారు. ఆ వాదన మొదలైనప్పుడల్లా నేను కందిపప్పులో రాళ్లు ఏరుతున్నట్టు తల వంచుకునేవాణ్ణి. అది ఏ ఫోనులోకీ రాలేదు. నా నోట్లోంచి వచ్చింది. ఆ నోరు నన్ను ఎట్లా ముంచిందో, నాకంటే ముందు ఎవరిని ముంచిందో చెబుతాను. నవ్వండి, పరవాలేదు. నవ్వదగిన మనిషిని ఇందులో నేనొక్కణ్ణే.

అప్పటికి నా కిరాణా దుకాణం కొత్త. బి.కాం. పట్టా లక్ష్మీదేవి పటం పక్కనే వేలాడేది. రెండింటికీ అగరొత్తి వెలిగించేవాణ్ణి. డబ్బు విలువంతా జనం నమ్మకంలోనే ఉంటుందని పాఠంలో చదివాను. నమ్మకం తగ్గినప్పుడు చవగ్గా కొని, పెరిగాక అమ్ముకుంటే లాభం. అది తగ్గేదాకా ఎదురుచూడటం ఎందుకు, మనమే తగ్గిస్తే పోలా అనుకున్నాను.

దుకాణం మెట్ల పక్కన గంగవ్వ ఆకుకూరలు అమ్మేది. ఇస్లాపూర్ నుంచి కూలికొచ్చి ఇక్కడే గుడిసె వేసుకున్న మనిషి. ఏ కట్టైనా పది రూపాయలే కాబట్టి ఆమె దగ్గర పోగయ్యేవన్నీ పది బిళ్లలే. వానలు పడేలోపు గుడిసెకు రేకులు వేయించాలని డబ్బా నిండా కూడబెట్టింది.

"గంగవ్వా, పది బిళ్లలు బందైతున్నయట, ఎరుకనా?"

ఆమె చేతిలో కొత్తిమీర ఆగిపోయింది. "ఎవలన్నరు సేటూ?"

"సర్కారన్నది."

"సర్కారు నీకు చెప్పి నాకెందుకు చెప్పలే?"

అంత మంచి ప్రశ్న మా కాలేజీలో ఒక్క సారూ అడగలేదు. "నేను చదువుకున్న గదా," అన్నాను.

"అయ్యో, రేకుల పైసలన్నీ గవ్వేనాయె. మొగులు పడుతున్నది, వానొస్తది. ఎట్ల మరి?"

"మనదానివని ఎనిమిదికొకటి తీసుకుంట. ఇంకెవలకు చెప్పకు."

'ఇంకెవరికీ చెప్పకు' అన్న మాటకంటే వేగంగా తిరిగే బండి ఇంతవరకూ తయారు కాలేదు. సాయంత్రానికి పూలమ్మేవాళ్లు, చాయ్ అమ్మేవాళ్లు, ఆటోవాళ్లు సంచులతో నా గుమ్మం ముందు బారులు తీరారు. నేను కుబేరుడి మేనల్లుడిలా కూర్చుని అన్నీ కొన్నాను. గల్లాలోని నోట్లన్నీ బిళ్లలయ్యాయి.

మర్నాడు ఆ బిళ్లలు తీసుకునేవాడు ఊళ్లో లేడు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను ఊరంతటికీ సరిపడా తవ్వి, ఒక్కణ్ణే పడ్డాను. చక్కెర బస్తాకు బిళ్లలిస్తే టోకు వ్యాపారి తన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. బస్సులో కండక్టరు, "చాలత్ నాహీ, ఖాలీ ఉతరా!" అని, చెల్లవు దిగమని, సంచితో సహా దింపేశాడు. మంగలి మంచివాడే, కానీ సగం గడ్డం గీశాక, "నోట్ హై నా భాయ్?" అని కత్తి ఆపాడు. మిగతా సగంతో ఇంటికొచ్చాను. బ్యాంకు గుమాస్తా సంచిని చూసి, "మోజాయలా మాణూస్ నాహీ, నంతర్ యా," అన్నాడు. లెక్కపెట్టే మనిషి లేడు, తర్వాత రమ్మని. ధనమూలమిదం జగత్. నా ధనం మాత్రం బియ్యం బస్తాల వెనక మూలన పడి ఉంది.

మా ఆవిడ వంటింట్లోంచి, "చింతపండు అయిపోయింది. పులుసుల బిళ్లలేద్దునా?" అని అడిగింది.

వానలు పడ్డాయి. ఎనిమిది లెక్కన వచ్చిన డబ్బుకు గంగవ్వ గుడిసెకు ముప్పావు వంతే రేకులొచ్చాయి. మిగతా పావు మీద కట్టిన టార్పాలిన్ పట్టా గాలికి లేచిపోయింది. తడిసిన చీరతోనే ఆమె దుకాణానికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. గోంగూర కట్ట నా ముందు పెట్టింది.

"నన్ను కాపాడబోయి నువ్వు మునిగినవు సేటూ. నీ కష్టం తీరేదాక కూరకు పైసలియ్యకు."

ఆ వానకాలమంతా ఆమె గోంగూర తిన్నాను. పుల్లగా ఉందని మా ఆవిడ అనేది. నాకు ముద్ద దిగేదే కాదు. అయినా తిన్నాను, ఉచితం కదా.

కొన్ని నెలలకు పుకారు చల్లారింది. బ్యాంకువాళ్లు బిళ్లలన్నీ తీసుకున్నారు. లాభం వచ్చింది. నేను నోరు మెదపలేదు, ఏళ్ల తరబడి.

మొన్న మెట్ల దగ్గర మళ్లీ అదే వాదన. గంగవ్వ అందరితో, "ఆనాడు సేటొక్కడే నా బిళ్లలు తీసుకున్నడు. దేవునసొంటోడు," అంది. ఇక ఆగలేకపోయాను. ఆమె పక్కన కూర్చుని, చెవిలో నిజం చెప్పి, ఆమెకు రావలసినదంతా పది బిళ్లలుగానే కొంగులో పోశాను.

ఆమె కొంగులోంచి ఒక బిళ్ల తీసి అటూ ఇటూ తిప్పింది.

"ఇవి నడుస్తయా సేటూ?"

"నడుస్తయి గంగవ్వా."

"అవు, బిళ్లలు నడుస్తయి. నీ మాటనే నడువది. నా చెవిల చెప్తే ఏమొస్తది? ఆనాటి మాట గల్లీ అంత తిరిగె. గిది గూడ తిరగనీ."

నా బి.కాం. పట్టా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట బిళ్ల గురించి గానీ, నోటు గురించి గానీ, సర్కారు మనసులోని మాట గురించి గానీ నోరు తెరవను. ఆ రోజు మాత్రం తెరిచాను. మెట్టెక్కి నిలబడ్డాను.

"బిళ్లలు ఎన్నడూ బంద్ కాలే. ఆ మాట పుట్టించింది నేనే. గంగవ్వ రేకుల పైసలు తిన్నది నేనే. తప్పయింది గంగవ్వా, మాఫ్ చెయ్యి. గీ మాట అందరికి చెప్పుండ్రి."